బొప్పాయి మొక్క: వర్గీకరణ, లక్షణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో బొప్పాయి వేసినవారు, తోట పెట్టిన రైతులు, ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివే పిల్లలు అడిగే ప్రశ్నలు ఎన్ని ఉన్నా చివరికి రెండు దగ్గర తేలతాయి. ఇది అసలు ఏ కోవకు చెందిన మొక్క? ఇది కాస్తుందా, కాయదా? రెండోదే పెద్ద చిక్కు. అందుకే ఇక్కడ సింహభాగం పువ్వులకే దక్కింది.

## బొప్పాయి చెట్టా, మొక్కా?

వాడుకలో చెట్టే. వృక్షశాస్త్రం మాత్రం దీన్ని గుల్మంగా, అంటే గట్టి కలప లేని మెత్తటి కాండపు మొక్కగా లెక్కిస్తుంది, కాకపోతే భారీ గుల్మం. 3 నుంచి 10 మీటర్ల దాకా పెరిగే మొక్కను తోటకూరతో కలిపి గుల్మం అనడానికి మనసొప్పదు. గాలివానకు విరిగిపడిన బొప్పాయి కాండాన్ని ఒక్కసారి అడ్డంగా కోసి చూడండి, అనుమానం తీరిపోతుంది. ముదిరిన కాండం మధ్యలో బోలు. దాని చుట్టూ తెల్లగా, నీరూరుతూ మెత్తటి భాగం. టేకులోనో వేపలోనో కనిపించే కలప గానీ ఏటేటా పడే వలయాలు గానీ ఉండవు. ఆ మెత్తటి భాగాన్ని దాటి బెరడు దగ్గరికి వచ్చేసరికి కత్తికి నార తగులుతుంది. బెరడు ఎండాక ఒలిస్తే ఆ నార వల అల్లికగా విడివడి వస్తుంది.

మామూలు చెట్టును నిలబెట్టేది లోపలి దారువు, అంటే వేరు నుంచి నీరు మోసే, గట్టిపడితే కలప అయ్యే భాగం. బొప్పాయిలో దారువు ఉన్నా చాలావరకు గట్టిపడదు, నీటినీ ఆహారాన్నీ నిల్వ చేసే పనిలో ఉంటుంది. మొక్క బరువు మోసేవి రెండు: బెరడు వైపున ఉన్న నార, కణాల్లో బిగువుగా నిండిన నీరు. పాదులో నీరు నిలిచి వేళ్లకు గాలి అందకపోతే నిలువెత్తు మొక్క రెండు మూడు రోజుల్లోనే వాడి పడిపోవడానికి కారణం ఇదే. వేరు నీటిని తోడడం మానేస్తే కాండానికి ఉన్న రెండు ఆసరాల్లో ఒకటి పోయినట్టే.

అరటి కూడా భారీ గుల్మమే కదా అని అడుగుతుంటారు. నిజమే, కానీ అరటిలో మనకు పైకి కనిపించేది ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగులు. బొప్పాయిది అచ్చమైన కాండం. దాని మీద వరుసగా కనిపించే పెద్ద పెద్ద మచ్చలు రాలిపోయిన ఆకుల గుర్తులు.

## శాస్త్రీయ వర్గీకరణలో దీని స్థానం ఏమిటి?

పుష్పించే మొక్కల్లో ద్విదళ బీజాల వైపున, బ్రాసికేల్స్ క్రమంలో, కారికేసి కుటుంబంలో, కారికా ప్రజాతిలో ఉన్న ఒకే ఒక జాతి కారికా పపాయా. ఈ పేరు పెట్టినది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1753లో. అంజూరపు ఆకుకు, బొప్పాయి ఆకుకు ఉన్న పోలిక వల్ల అంజూరానికి వాడే మాటనే ప్రజాతి పేరుగా తీసుకున్నాడు. అంతకుమించి ఆ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు.

‘ఒకే ఒక జాతి’ అన్న మాట పాత పుస్తకాల్లో కనిపించదు. ఒకప్పుడు కారికా ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులను చేర్చేవారు. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే పర్వత బొప్పాయి వగైరా అన్నీ అందులోనే ఉండేవి. 2000 సంవత్సరంలో వాటిని విడదీసి వాస్కొన్‌సెలియా అనే ప్రజాతి కిందకు మార్చారు. ఇప్పుడు కారికేసి కుటుంబంలో 6 ప్రజాతులు, దాదాపు 35 జాతులు ఉన్నాయి. సిలికోమోర్ఫా అనే ప్రజాతిలోని 2 జాతులు ఆఫ్రికాలో పెరుగుతాయి. మిగిలినవన్నీ అమెరికా ఖండాలవే. చూడటానికి పర్వత బొప్పాయి దగ్గర బంధువులా ఉన్నా, జన్యువులను పోల్చి చూస్తే బొప్పాయికి అతి దగ్గరివి మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లోని హారిల్లా, హోరోవిట్జియా అనే చిన్న ప్రజాతులని తేలింది. వాటిని మన దగ్గర చూసినవారు అరుదు.

పాత పాఠ్యపుస్తకం చేతిలో ఉన్నవారికి మరో తికమక. బెంథామ్, హుకర్ అనే శాస్త్రవేత్తల పాత వర్గీకరణ పద్ధతిలో బొప్పాయి పాషన్ ఫ్రూట్ కుటుంబంలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన క్రాంక్విస్ట్ వర్గీకరణ పద్ధతిలో కారికేసి వయోలేల్స్ క్రమంలో ఉంటుంది. అండాశయం లోపలి గోడలకు గింజలు అంటుకొని ఉండే తీరును బట్టి అలా చేర్చారు, ఆ రోజుల్లో అది సబబైన నిర్ణయమే. మొక్కలోని రసాయనాలు ముందు అనుమానం రేపాయి, తర్వాత డీఎన్ఏ తీర్పు చెప్పింది. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకం ఏ పద్ధతిని అనుసరిస్తే అదే రాయండి.

## బొప్పాయికి, ఆవాలకు చుట్టరికం ఏమిటి?

పండిన బొప్పాయిలోంచి ఒక గింజ తీసి కొరకండి. ముందు వగరు తగులుతుంది, రెండు క్షణాల తర్వాత ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది. అది మిరియం కారం కాదు, పచ్చి ఆవ ఘాటు. ఇందులో కాకతాళీయం ఏమీ లేదు. బ్రాసికేల్స్ క్రమంలోని మొక్కల్లో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. వాటిని విరగ్గొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ కూడా ఆ మొక్కలోనే, కానీ వేరే చోట ఉంటుంది. కొరికినప్పుడో నూరినప్పుడో రెండూ కలుస్తాయి, ఘాటైన నూనె పుడుతుంది. ఆవాలు నూరితే కళ్లు మండేదీ, ముల్లంగి కోస్తే వాసన వచ్చేదీ ఇందుకే. బొప్పాయి గింజల్లో పుట్టే నూనె పేరు బెంజైల్ ఐసోథయోసయనేట్.

ఈ క్రమంలో ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, చేల గట్ల మీద మొలిచే వామింట ఉన్నాయి. అందరినీ ఆశ్చర్యపరిచేది మునగ. మునగ కుటుంబం మొరింగేసి, బొప్పాయి కుటుంబం కారికేసి, ఈ రెండూ ఒకదానికొకటి అత్యంత సమీపమైన కుటుంబాలు. పైకి చూస్తే ఎక్కడా పోలిక లేదు. ఒకదానికి ఈనెల నిండా చిన్న చిన్న ఆకులు, పొడవాటి ఎండు కాయలు. ఇంకొకదానికి గొడుగంత ఆకులు, గుజ్జు పండ్లు. మునగ వేరు గీకి వాసన చూసినవారికి మాత్రం ఆ ఘాటు వెంటనే గుర్తొస్తుంది. ఆవ పెట్టి పచ్చి బొప్పాయి కూర వండేవారు ఒకే క్రమానికి చెందిన ఇద్దరు బంధువులను ఒకే మూకుట్లో కలుపుతున్నారన్నమాట.

## దీని పుట్టినచోటు ఎక్కడ? మన దగ్గరికి ఎలా వచ్చింది?

దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా. అక్కడి అడవుల్లో ఇప్పటికీ అడవి బొప్పాయి మొలుస్తుంది. కాయలు చాలా చిన్నవి, గుజ్జు పలచన, లోపలంతా గింజలే. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు అమెరికాలో దీన్ని చూసి కరీబియన్ దీవులకు, ఆపైన ఫిలిప్పీన్స్‌కు చేర్చారు. అదే శతాబ్దంలో మలక్కా మీదుగా మన దేశానికి వచ్చింది. మిరప, జామ, సీతాఫలం, జీడిమామిడి కూడా దాదాపు ఆ కాలంలో సముద్రం దాటి వచ్చినవే. ఇవాళ బొప్పాయి దిగుబడిలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిది. దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కడప, అనంతపురం వైపు, రైల్వే కోడూరు చుట్టుపక్కల తోటలు విస్తారంగా కనిపిస్తాయి.

## ఆకుల గురించి తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

కొంచెమే. ఆకు హస్తాకారంగా, సాధారణంగా 7 పెద్ద తమ్మెలుగా చీలి, 50 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కాడ బోలుగా, ఒక్కోసారి మీటరు పొడవు దాకా పెరుగుతుంది. పెరిగే మొగ్గ కాండం కొసన ఒక్కటే, అందుకే మామూలుగా కొమ్మలు వేయదు. కొస విరిగినా, నరికినా పక్క మొగ్గలు లేచి రెండు మూడు తలలు వస్తాయి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి: పువ్వు వచ్చేది ఆకు పంగలోనే. కొత్త ఆకు రాకపోతే కొత్త పూతా రాదు. ఎండకో చీడకో ఆకులు పోగొట్టుకున్న మొక్క కొన్ని నెలల పాటు కాపు తగ్గి కనిపించడంలో వింత లేదు.

## బొప్పాయిలో మగ, ఆడ అంటే ఏమిటి? ఎన్ని రకాల మొక్కలు ఉంటాయి?

మూడు. మగ, ఆడ, ఒకే పువ్వులో రెండు లింగాలూ ఉండే ద్విలింగ. పాఠ్యపుస్తకాలు ఏకలింగాశ్రయి మొక్కకు, అంటే మగ పూలు ఒక మొక్క మీద, ఆడ పూలు వేరే మొక్క మీద పూసేదానికి ఉదాహరణగా బొప్పాయినే చెబుతాయి. అడవి బొప్పాయికి ఆ మాట పూర్తిగా నప్పుతుంది, అందులో మగ, ఆడ మొక్కలే ఉంటాయి. ద్విలింగ మొక్క మనిషి సాగులో స్థిరపడిన రకం. సుమారు 4,000 ఏళ్ల కిందట మగ క్రోమోజోమ్ నుంచి ఇది చీలిందని జన్యు అధ్యయనాలు లెక్కగట్టాయి. మధ్య అమెరికాలో సాగు చేసినవారు అలాంటి మొక్కలను ఏరి దాచుకొని ఉంటారు.

మగ మొక్కను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఆకు పంగల్లోంచి పొడవాటి కాడలు కిందికి వేలాడుతుంటాయి. వాటి కొమ్మల నిండా గుత్తులుగా సన్నటి గొట్టం లాంటి పూలు ఉంటాయి. ఒక పువ్వు చీల్చి చూస్తే గొట్టం మూతి దగ్గర రెండు వరుసల్లో 10 కేసరాలు కనిపిస్తాయి. అండాశయం ఉండాల్సిన చోట పనికిరాని చిన్న ముల్లు ఉంటుంది, అంతే.

ఆడ పువ్వు కాండానికి ఆనుకొని, పొట్టి కాడ మీద ఒంటరిగానో రెండు మూడుగానో వస్తుంది. మొగ్గే బొద్దుగా ఉంటుంది. దాని ఆకర్షణ పత్రాలు అయిదూ దాదాపు మొదలు దాకా విడివిడిగా ఉంటాయి, వేలితో ఒక్కొక్కటి వెనక్కి వంచవచ్చు. లోపల లేత ఆకుపచ్చగా గుండ్రటి అండాశయం, దాని నెత్తిన కుచ్చులుగా చీలిన, పుప్పొడిని అందుకునే 5 కీలాగ్రాలు. కేసరం ఒక్కటీ ఉండదు. మంచి భూతద్దం ఉంటే సరేసరి, లేకపోయినా ఈ తేడా కంటికి ఆనుతుంది.

ద్విలింగ పువ్వు ఈ రెండింటికీ మధ్యస్థం. మొగ్గ ఆడదానంత బొద్దుగా ఉండదు, మగదానంత సన్నగానూ ఉండదు. పత్రాలు కింది భాగంలో కలిసి గొట్టమై పైన విడిపోతాయి. ఆ గొట్టం మూతి దగ్గర 10 కేసరాలు, మధ్యలో కోలగా అండాశయం ఉంటాయి. తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు.

కాయలో కూడా తేడా తెలుస్తుంది. ఆడ మొక్క కాయ గుండ్రంగా లేదా కోడిగుడ్డు ఆకారంలో ఉండి లోపల ఖాళీ ఎక్కువ. ద్విలింగ మొక్క కాయ పొడవుగా, దళసరి గుజ్జుతో, తక్కువ ఖాళీతో ఉంటుంది. పెట్టెల్లో సర్దడానికి తేలిక కాబట్టి వ్యాపారులు రెండోదాన్ని ఇష్టపడతారు. రుచికి ఆడ మొక్క కాయ ఏమీ తీసిపోదు.

## నారు దశలోనే ఏది మగో ఏది ఆడో చెప్పవచ్చా?

కంటితో చెప్పలేం. వేరు నిటారుగా ఉంటే మగ, గింజ నల్లగా ఉంటే ఆడ, ఆకు తమ్మెల లెక్కను బట్టి ఇది, అది అని చెప్పే చిట్కాలు ఊరూరా ఉన్నాయి. ఏదీ నిలవదు. ప్రయోగశాలలో లేత ఆకు డీఎన్ఏ పరీక్షిస్తే తెలుస్తుంది, ఇంటి పెరడుకు ఆ ఖర్చు దండగ. నాటిన 4 నుంచి 6 నెలలకు పూత వస్తుంది, అప్పుడు మొగ్గ చూసి తేల్చుకోవాలి. అందుకే మగ, ఆడ మొక్కలు వచ్చే రకాలను గుంతకు రెండు మూడు చొప్పున నాటి, పూత వచ్చాక అక్కర్లేనివి తీసేయమంటారు. తోటలో పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్కను ఉంచితే సరిపోతుంది.

నర్సరీలో ‘ఇది ఖాయంగా ఆడ మొక్కే’ అని జానెడు నారు చేతిలో పెట్టేవారిని నమ్మకండి. తెలిసి చెప్పినా తెలియక చెప్పినా ఫలితం ఒకటే.

## అసలు మగ, ఆడ ఎలా నిర్ణయమవుతుంది?

క్రోమోజోమ్‌ల వల్ల. బొప్పాయిలో 9 జతలు, అంటే మొత్తం 18 క్రోమోజోమ్‌లు. వాటిలో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది. రెండూ ఎక్స్ అయితే ఆడ. ఒక ఎక్స్, ఒక వై అయితే మగ. ద్విలింగ మొక్కలో ఎక్స్‌కు జతగా కొద్దిగా మారిన వై ఉంటుంది, దాన్ని ‘వై హెచ్’ అంటారు. రెండు వైలు ఏ రూపంలో కలిసినా ఆ పిండం బతకదు. ఈ ఒక్క నియమం పట్టుకుంటే మిగతా లెక్కంతా మనమే వేసుకోవచ్చు.

ఆడ మొక్కకు మగ పుప్పొడి అందితే గింజల్లో సగం ఆడ, సగం మగ. ద్విలింగ పువ్వు తనంతట తాను కాయ కడితే నాలుగో వంతు పిండాలు చనిపోతాయి, మిగిలినవాటిలో మూడింట రెండు వంతులు ద్విలింగ, ఒక వంతు ఆడ. మగ మొక్కే రాదు. ఆడ పువ్వు మీద ద్విలింగ పుప్పొడి పడితే సగం సగం.

పెరడుకు దీని అర్థం ఏమిటో చూద్దాం. మగ, ఆడ రకం గింజలు నాటితే ఒక్క మొక్క మగది అయ్యే అవకాశం రెండింట ఒకటి. రెండు మొక్కలు పెట్టినా రెండూ మగవే కావడానికి నాలుగింట ఒక అవకాశం ఉంది. మూడు పెడితే ఎనిమిదింట ఒకటి. ద్విలింగ మొక్క సొంత పుప్పొడితో కట్టిన గింజలైతే ఆ భయమే లేదు, ఏది మొలిచినా కాసేదే. చోటు తక్కువ ఉన్నవారు అలాంటి రకమే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

## మగ చెట్టుకు మేకు కొడితే కాస్తుందంటారు. నిజమేనా?

కాదు. మేకు కొట్టడం, కొస నరకడం, కాండాన్ని చీల్చి రాయి దూర్చడం, పాత చీపురు కట్టడం, ఇవేవీ క్రోమోజోమ్‌ను మార్చలేవు. మరి ‘మా ఇంట్లో మేకు కొట్టాక కాసింది’ అనేవారు అబద్ధం చెబుతున్నారా? అక్కర్లేదు. కొన్ని మగ మొక్కలు వాతావరణం మారినప్పుడు వాటంతట అవే కొన్ని పువ్వుల్లో అండాశయాన్ని పెంచుకుంటాయి. అప్పుడు పొడవాటి పూకాడ చివర చిన్న కాయలు వేలాడతాయి. మేకు కొట్టని మగ చెట్టుకూ అలాగే వస్తాయి. కాకపోతే దాని గురించి ఎవరూ ఊరంతా చెప్పుకోరు.

మేకు వల్ల జరిగేది గాయం ఒక్కటే. ఇంత మెత్తటి కాండంలో గాయమైన చోటు నుంచి కుళ్లు పట్టే ప్రమాదం ఉంది.

## నా చెట్టు నిరుడు బాగా కాసింది, ఈ వేసవిలో పూతంతా రాలుతోంది. కొన్ని కాయలు వంకరగా వస్తున్నాయి. ఎందుకు?

అది ద్విలింగ మొక్క అయి ఉండాలి. ఆడ మొక్క వాతావరణానికి చలించదు, ఏ కాలంలోనైనా ఆడ పువ్వులే పూస్తుంది. ద్విలింగ మొక్క చపలచిత్తం గలది. ఎండలు ముదిరినప్పుడు, నీరు తక్కువైనప్పుడు దాని పువ్వుల్లో అండాశయం కుంచించుకుపోయి మగ పువ్వుల్లా పనిచేస్తాయి, కాయ కట్టకుండా రాలిపోతాయి. రాయలసీమ, తెలంగాణ వేసవుల్లో ఇది మామూలే. వానలు పడి చల్లబడ్డాక వచ్చే పూత మళ్లీ నిలుస్తుంది. కాండం మీద కాయల వరుసలో మధ్యలో ఖాళీ కనిపిస్తే అది గడిచిన వేసవి గుర్తు.

వంకర కాయలకు కారణం దీనికి సరిగ్గా ఎదురు. చల్లటి రోజుల్లో, నీరూ నత్రజనీ ఎక్కువైనప్పుడు కొన్ని కేసరాలు అండాశయపు గోడకు అతుక్కుపోయి తామే ఫలదళాలుగా, అంటే అండాశయాన్ని కట్టే భాగాలుగా మారాలని చూస్తాయి. కాయ మడతలు పడి, ఒకవైపు ఉబ్బి, ఒకవైపు నొక్కుకుపోయి తయారవుతుంది. తినడానికి ఏ ఇబ్బందీ లేదు. అమ్మడానికే ఇబ్బంది, కాబట్టి రైతులు పిందెగా ఉన్నప్పుడే గిల్లేస్తారు.

## ఒక్క ఆడ మొక్కే ఉంటే కాయలు వస్తాయా?

చుట్టుపక్కల ఎక్కడో మగ మొక్కో ద్విలింగ మొక్కో ఉంటే వస్తాయి. బొప్పాయి పువ్వుల సువాసన రాత్రిపూట ఎక్కువ. చీకటిపడ్డాక గాలిలో ఒకేచోట నిలిచి పొడవాటి తొండంతో తేనె పీల్చే పెద్ద చిమ్మటలు వీటి దగ్గరికి వస్తాయి. మగ పువ్వులో తేనె ఉంటుంది. ఆడ పువ్వులో ఉండదు. పొరబాటున ఆడ పువ్వు మీద వాలిన చిమ్మట ఏమీ దొరక్క వెళ్లిపోతుంది, ఆ కాస్త వ్యవధిలో పుప్పొడి అంటించేస్తుంది. మొక్కల్లో ఇలాంటి మోసం కొత్తేమీ కాదు.

పుప్పొడి అసలు అందకపోయినా కొన్ని ఆడ మొక్కలు గింజల్లేని చిన్న కాయలు కాస్తాయి. మీ పండులో ఒక్క గింజా లేకపోతే అది ప్రయోగశాలలో మార్చిన రకమని కంగారుపడక్కర్లేదు.

## కాయ గిల్లితే కారే పాలు ఏమిటి?

మొక్క ఒళ్లంతా పాల నాళాలు అల్లుకొని ఉంటాయి. వాటిలోని పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసకృత్తులను ముక్కలు చేయడం దాని పని. ఆకులు, కాయలు కొరికే పురుగుల నుంచి రక్షణగా మొక్క దీన్ని పెంచుకుంది. మాంసం త్వరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేసే వంటవాళ్లు వాడుకునేదీ దీన్నే. వ్యాపారానికి పపైన్ తీసేవారు బాగా పెరిగిన పచ్చి కాయ మీద పొద్దున్నే సన్నటి గాట్లు పెట్టి, కారిన పాలు పట్టి ఆరబెడతారు. పాలు చేతికి తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి.

కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి. గర్భిణులను పచ్చి బొప్పాయి తినవద్దనడం వెనుక ఉన్నది ఈ పాల గురించిన జాగ్రత్తే. బాగా పండిన పండు వేరు. ఎవరి విషయంలోనైనా వారి వైద్యుల మాటే తుది మాట.

## కాయను వృక్షశాస్త్రం ఏమంటుంది?

మృదుఫలం. ద్రాక్ష, టమాట కోవలోనిదే. అండాశయం ఊర్ధ్వం, అంటే పువ్వు మిగతా భాగాలు అతుక్కున్న చోటికి పైన ఉంటుంది; 5 ఫలదళాలు కలిసి ఒకే గదిగా ఏర్పడతాయి. గింజలు మధ్యలో కాక గోడకు అంటుకొని ఉంటాయి, దీన్ని కుడ్య అండన్యాసం అంటారు. పండును అడ్డంగా కోస్తే లోపలి ఖాళీ అయిదు మూలల నక్షత్రంగా కనిపించేది ఫలదళాలు అయిదు కాబట్టే. బొప్పాయి కోసిన తర్వాత కూడా పండుతుంది, అందుకే పసుపు చార పడగానే కోసి దూరప్రాంతాలకు పంపుతారు.

గుజ్జు ఎరుపా, పసుపా అన్నది ఒక జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. ఎర్ర గుజ్జులో టమాటలో ఉండే లైకోపీన్ పోగవుతుంది. పసుపు గుజ్జులో దాన్ని తర్వాతి వర్ణకాలుగా మార్చే ఎంజైమ్ పనిచేస్తుంది, ఎరుపులో అది పాడైంది. అందువల్ల పసుపు బహిర్గత లక్షణం, ఎరుపు అంతర్గతం, అంటే రెండు జన్యువులూ కలిసి వస్తే పైకి కనిపించేది పసుపే. రంగు ముదిరిందని తీపి ఎక్కువని కాదు.

## పండులోంచి తీసిన గింజలు ఎందుకు సరిగా మొలవవు?

గింజ చుట్టూ జారుడుగా, పారదర్శకంగా ఒక తిత్తి ఉంటుంది. మొలకెత్తడాన్ని అడ్డుకునే పదార్థాలు అందులో ఉన్నాయి. బూడిదలోనో ఇసుకలోనో గింజలను రుద్ది, ఆ తిత్తి పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టి నాటితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలకలు వస్తాయి. గింజ పాతబడేకొద్దీ మొలక శాతం తగ్గుతుంది.

ఇక ‘బజారులో కొన్న పండు ఎంతో బాగుంది, దాని గింజలు వేస్తే అలా రాలేదు’ అనేది నిత్యం వినిపించే ఫిర్యాదు. మార్కెట్లో ఎక్కువగా కనిపించే రెడ్ లేడీ తైవాన్ సంకర రకం. సంకరం గింజలు నాటితే రెండో తరంలో లక్షణాలు చెదిరిపోతాయి. ఒక మొక్క తల్లిలా ఉంటుంది, ఇంకొకటి ఉండదు. పెరటికి పరవాలేదు, ఎకరాల్లో తోట వేసేవారు ఆ పని చేయకూడదు.

## మన దేశపు రకాల్లో ఏవి మగ, ఆడగా వస్తాయి? ఏవి ద్విలింగ?

వాషింగ్టన్, పూసా డ్వార్ఫ్, పూసా జెయింట్, పూసా నన్హా, కోయంబత్తూరు రకాల్లో సీఓ-1, సీఓ-2 మగ, ఆడ మొక్కలుగా వస్తాయి. పూసా డెలీషియస్, పూసా మెజెస్టీ, కూర్గ్ హనీడ్యూ, సీఓ-3, సీఓ-7, అర్క సూర్య, రెడ్ లేడీ రకాల్లో ద్విలింగ, ఆడ మొక్కలు మాత్రమే వస్తాయి. పూసా నన్హా గామా కిరణాలతో పుట్టించిన మరుగుజ్జు, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులోనే కాపు మొదలుపెడుతుంది. మిద్దె తోటల వారికి నచ్చుతుంది. రెండు కుండీల్లో రెండు మొక్కలు పెట్టి ఒకటైనా ఆడది కావాలని కోరుకోవడం దాంతో వచ్చే తంటా.

## వైరస్ తెగులును తట్టుకునే బొప్పాయి లేదా?

ఆకులు పసుపు మచ్చలు పడి, సన్నబడి, కాయ మీద వలయాలు కనిపిస్తే అది రింగ్‌స్పాట్ వైరస్. పేనుబంక ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తుంది, గింజ ద్వారా రాదు. వర్గీకరణ ఇక్కడ పనికొస్తుంది: కారికా పపాయాలో ఈ వైరస్‌కు గట్టి నిరోధకత దొరకలేదు, వాస్కొన్‌సెలియా జాతుల్లో కొన్నింటికి ఉంది. అయితే అవి వేరే ప్రజాతి కావడంతో సంకరం చేస్తే పిండం నిలవదు, నిలిచినా మొక్క గొడ్డుపోతుంది. హవాయిలో తోటలు తుడిచిపెట్టుకుపోతున్న దశలో శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. వైరస్ జన్యువు ముక్కనే బొప్పాయిలో చేర్చి సన్‌అప్, రెయిన్‌బో రకాలను తయారు చేశారు. 1998లో అవి రైతుల చేతికి వచ్చాయి. 2008లో బొప్పాయి జన్యుపటం మొత్తం చదివినప్పుడు తీసుకున్నది కూడా సన్‌అప్ మొక్కనే.

## అమెరికాలో, ఆస్ట్రేలియాలో ‘పాపా’ అంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

ఆస్ట్రేలియాలో అయితే బొప్పాయే. అక్కడ పసుపు గుజ్జు దాన్ని ఆ పేరుతో, ఎర్ర గుజ్జు దాన్ని పపాయా అని అమ్మడం ఎక్కువ. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అడవుల్లో దొరికే పాపా పూర్తిగా వేరు. దాని పేరు అసిమినా ట్రైలోబా, మన సీతాఫలం కుటుంబానిది. గింజ చూస్తే తేలిపోతుంది: అసిమినా గింజలు పెద్దవి, బల్లపరుపు, కొన్నే ఉంటాయి. అక్కడ ఉన్న మనవాళ్లు వారాంతపు సంతలో దాన్ని కొని ‘బొప్పాయి రుచి మారిపోయింది’ అనుకుంటే తప్పు పండుది కాదు.

## మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారట, ఎలా కనిపెట్టాలి?

ఎండిన బొప్పాయి గింజ సైజులో, రంగులో, ముడతల్లో మిరియాన్ని బాగా పోలి ఉంటుంది, అందుకే ఈ కల్తీ పాతుకుపోయింది. గ్లాసు నీళ్లలో చెంచాడు వేయండి. మంచి మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. తాలు మిరియాలు కూడా తేలతాయి కాబట్టి తేలినవాటిలో ఒకటి తీసి చితక్కొట్టి చూడాలి. మిరియం లోపల తెల్లగా పిండిగా ఉండి ఘుమఘుమలాడుతుంది. బొప్పాయి గింజ కోలగా, గోధుమ నలుపు రంగులో ఉంటుంది, మిరియపు వాసన రాదు.